వస్తే పేపరు తేలికట, రాకపోతే తనకు బుర్ర లేదట: ఈ లెక్కను ఎలా సరిచేయాలి?

తులసికోట
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతూ హాస్టల్లో ఉంటోంది. పదో తరగతి వరకు లెక్కల్లో ఆమెకు వంక పెట్టినవారు లేరు. చేరినప్పుడు పై సెక్షన్‌లో వేశారు, వారాంతపు పరీక్షల మార్కులు చూసి దసరా సెలవుల తరువాత కింది సెక్షన్‌కు మార్చారు. నా బాధ సెక్షన్ గురించి కాదు. మొన్నటి జేఈఈ నమూనా పరీక్షలో కెమిస్ట్రీలో నూటికి 71 వస్తే "పేపరు తేలికమ్మా, అందరికీ వచ్చాయి" అంది. అదే పరీక్షలో లెక్కల్లో 22 వస్తే "నాకు లెక్కల బుర్ర లేదు, నాన్న పోలిక రాలేదు, నీ పోలిక వచ్చింది" అంది. మార్కులు వస్తే ఆ ఘనత పేపరుది, రాకపోతే ఆ లోపం తనది. ఏ పరీక్ష ఎలా రాసినా తన ఖాతాలో జమ పడేది మాత్రం ఏమీ లేదు. ఓదార్చుదామని "పోనీలే తల్లీ, లెక్కలు అందరికీ రావు, నీకు వచ్చినంతే చెయ్యి" అన్నాను. ఆ మాటకు ఇంకా ఏడ్చి ఫోన్ పెట్టేసింది. నేను అన్నదానిలో అంతగా గుచ్చుకున్నది ఏమిటో తెలిసినవారు చెప్పగలరా?

కుండబద్దలు
నూటికి 22 రావడానికి కారణం 22 మార్కులకు సరిపడా మాత్రమే చదవడం. దీనికి ఓదార్పు అవసరం లేదు, టైంటేబుల్ అవసరం. మా రోజుల్లో తక్కువ మార్కులు వస్తే వీపు చెప్పేది, మనస్తత్వ శాస్త్రం చెప్పేది కాదు.

మూడోబెంచీ
మా ఇంట్లో ఈ లెక్క ఎప్పుడో తేలిపోయింది. నేను పాసైతే వేంకటేశ్వరస్వామి దయ, తప్పితే నా సెల్‌ఫోన్ మహిమ. మధ్యలో నేను చదివిన పుస్తకం ప్రస్తావన ఇంతవరకు ఎవరూ తేలేదు.

మనోవీధి
తులసికోట గారూ, మీరు వర్ణించిన ధోరణి చాలా పాతది, దాని మీద చాలా పరిశోధన కూడా జరిగింది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ వైనర్ 1970ల నుంచి దీని మీదే పనిచేశారు. ఫలితం రాగానే మనిషి దానికి ఒక కారణం వెతుక్కుంటాడు. విద్యార్థుల విషయంలో ఆ కారణాలు ఎక్కువగా నాలుగు: సామర్థ్యం, ప్రయత్నం, ప్రశ్నల కష్టసుఖాలు, అదృష్టం. ఏ కారణం చెప్పుకున్నారన్నది ఒక్కటే కాదు, ఆ కారణం తనలో ఉందా బయట ఉందా, రేపటికి మారేదా మారనిదా, తన చేతిలో ఉందా లేదా అన్న మూడు విషయాలను బట్టి ఆ తరువాతి చదువు నడుస్తుందని ఆయన వాదన. మీ అమ్మాయి ఓటమికి చెప్పుకున్న కారణం తనలోనే ఉంది, మారదు, తన చేతిలో లేదు. ఈ మూడూ ఒకచోట కలిస్తే పుస్తకం తెరవడానికి కూడా చేయి రాదు. గెలుపుకు చెప్పుకున్న కారణం బయటిది కనుక అది ఆత్మవిశ్వాసానికి పనికిరాదు.

ఇక మీ మాట ఎందుకు గుచ్చుకుందంటారా? ఓడిన పిల్లవాడి మీద టీచరు కోప్పడితే అతడు "నేను చదవలేదని కోపం" అని అర్థం చేసుకుంటాడనీ, జాలి చూపితే "నా వల్ల కాదని ఈయన తేల్చేశాడు" అని అర్థం చేసుకుంటాడనీ శాండ్రా గ్రాహమ్ అనే పరిశోధకురాలు 1984లో ప్రచురించిన అధ్యయనంలో కనబడింది. మీరు ప్రేమతో అన్న "అందరికీ రావు" అన్న మాట ఆమె చెవికి తీర్పులా వినిపించి ఉంటుంది. అప్పటివరకు అది ఆమె అనుమానమే, మీరు ధ్రువీకరణ పత్రం ఇచ్చారు.

కుండబద్దలు
అంటే తిట్టడమే మేలన్నమాట. నేను మొదట చెప్పింది అదే కదా.

మనోవీధి
తిట్టమని కాదు. కోపం వెనుక "నువ్వు చేయగలవు" అన్న నమ్మకం పిల్లలకు వినబడుతోందని మాత్రమే ఆ అధ్యయనం చెబుతుంది. ఆ నమ్మకాన్ని తిట్టకుండా కూడా వినిపించవచ్చు.

చాక్‌పీసు_పొడి
జూనియర్ కాలేజీలో పంతొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. 22 అన్న అంకెను చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు, దానిని విప్పి చూడాలి. జేఈఈ మెయిన్ పద్ధతిలో లెక్కలకు 25 ప్రశ్నలు, ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. 22 రావాలంటే ఎనిమిది ఒప్పులు, పది తప్పులు, ఏడు వదిలేసినవి అయి ఉండవచ్చు, లేదా ఆరు ఒప్పులు, రెండు తప్పులు, పదిహేడు వదిలేసినవి కావచ్చు. మొదటి అమ్మాయికీ రెండో అమ్మాయికీ చెప్పవలసిన మాటలు పూర్తిగా వేరు, బోర్డు మీద అంటించే జాబితాలో మాత్రం ఇద్దరూ 22 దగ్గరే ఉంటారు. మీ అమ్మాయిని ఒక కాగితం తీసుకొని, తప్పైన ప్రతి ప్రశ్న పక్కన ఎందుకు తప్పిందో ఒక్క ముక్క రాయమనండి. "రాదు" అన్న పదం మాత్రం వాడకూడదని షరతు పెట్టండి.

తులసికోట
ఆదివారం ఫోన్ సమయంలో అడుగుతాను. వాళ్లకు మాట్లాడనిచ్చేది పావుగంటే.

పాత_సప్లీ
కుండబద్దలు గారు "చదవలేదు కాబట్టి రాలేదు" అన్న మాట దగ్గర ఒక మెలిక ఉంది, అది నా జీవితంలోదే కనుక చెబుతున్నాను. చిన్నప్పటి నుంచి నాకు ఊళ్లో ఒక బిరుదు ఉండేది: "వాడికి తెలివి ఉంది, చదవడంతే." ఆ మాటను తిట్టు అనుకునేవారు అంటున్నవాళ్లు, నేను మాత్రం దానిని పతకంలా మెడలో వేసుకొని తిరిగాను. చదివి తప్పితే ఆ తెలివి ఉత్తదేనని తేలిపోతుంది, చదవకుండా తప్పితే పరువు నిలుస్తుంది. అందుకని పరీక్ష ముందు రాత్రి కావాలనే క్రికెట్ చూసేవాడిని, పొద్దున హాలు బయట "రాత్రంతా మ్యాచ్ చూశానురా" అని నలుగురికీ వినబడేలా చెప్పేవాడిని. పదో తరగతిలో గట్టెక్కాను, ఇంటర్‌లో ఈదాను, ఇంజినీరింగ్‌కు వచ్చేసరికి పదకొండు సబ్జెక్టులు మిగిలాయి. ఈ వేదికలో నా పేరు ఊరికే పెట్టుకున్నది కాదు.

పదకొండింటిలో మొదటిది రాయడానికి కూర్చున్నప్పుడు నిజంగా చదివాను. జీవితంలో అంత భయపడి రాసిన పరీక్ష మరొకటి లేదు, ఎందుకంటే ఈసారి తప్పితే చెప్పుకోవడానికి క్రికెట్ లేదు.

మూడోబెంచీ
పాత_సప్లీ గారూ, నేను ఇప్పటికీ అదే పతకం వేసుకొని తిరుగుతున్నాను. తీసే పద్ధతి చెప్పండి.

మనోవీధి
పాత_సప్లీ గారు చెప్పినదానిని ముందే అడ్డంకి సిద్ధం చేసుకోవడం అనవచ్చు. బెర్గ్లాస్, జోన్స్ అనే ఇద్దరు 1978లో దీనిని ప్రయోగంలో చూపించారు. ఆ మరుసటి ఏడాది కోవింగ్టన్, ఒమెలిచ్ అనేవారు ప్రయత్నాన్ని రెండంచుల కత్తితో పోల్చారు. టీచరు దృష్టిలో కష్టపడి తప్పినవాడు నయం, కష్టపడకుండా తప్పినవాడికి శిక్ష పడాలి. విద్యార్థి దృష్టిలో తలకిందులు: కష్టపడి తప్పడం అన్నిటికంటే పెద్ద సిగ్గు, ఎందుకంటే అప్పుడు మిగిలే కారణం బుర్ర ఒక్కటే. అందుకే "ఇంకా కష్టపడు" అన్న సలహా తెల్లవారుజామున అయిదింటికి లేచి రాత్రి పదిన్నర వరకు స్టడీ అవర్లో కూర్చునే పిల్లకు ఇస్తే అది ధైర్యం కాదు. ఇప్పటికే అంత కూర్చుంటున్న పిల్ల ఆ మాట విని తనలో లోపమే ఉందని ఖాయం చేసుకుంటుంది.

నీలాటిరేవు
నేను గురుకుల పాఠశాలలో సైన్సు చెబుతాను. పాత_సప్లీ గారి బిరుదు అబ్బాయిలకు మాత్రమే ఇస్తారని ఎవరైనా గమనించారా? మా స్టాఫ్ రూములో ఫస్టు వచ్చిన అమ్మాయి గురించి "పాపం, బాగా కష్టపడుతుంది, బట్టీ కొడుతుంది" అంటారు. పదిహేనో స్థానంలో ఉన్న అబ్బాయి గురించి "కూర్చున్నాడంటే దున్నేస్తాడు, బద్ధకం" అంటారు. ఆమె గెలుపు చెమటదీ, అతడి ఓటమి బద్ధకానిదీ అయినప్పుడు, తెలివి ఇద్దరిలో ఎవరి ఖాతాలో పడిందో చూడండి. నేనూ ఆ మాటలు అన్నదాన్నే. ప్రగతి పత్రంలో ఒక అమ్మాయికి "శ్రమజీవి" అని రాశాను. ఆమె అది చదివి, "టీచర్, నేను తెలివైనదాన్ని కాదా?" అని అడిగిన రోజు నుంచి ఆ పదం రాయడం మానేశాను.

తులసికోట గారి అమ్మాయి అన్న "నీ పోలిక వచ్చింది" అన్న మాట కూడా ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో ఒకసారి వెతకాలి.

తులసికోట
నీలాటిరేవు గారూ, వెతకవలసిన పని లేదు. కిరాణా బిల్లు కూడవలసి వచ్చినప్పుడల్లా "నాకు లెక్కలు రావు, మీ నాన్నకివ్వు" అని నేనే అంటాను. పదిహేనేళ్లుగా సరదాకే అంటున్నాను అనుకున్నాను.

అడవిపూలు
అందరూ లోపలి కారణాల గురించే మాట్లాడుతున్నారు. నాది వేరే కథ. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఫిజిక్స్‌లో నేనే మొదటివాడిని. ఇంటర్‌లో ఇంగ్లీషు మాధ్యమంలో చేరిన మొదటి నెల పరీక్షలో 30కి 4 వచ్చాయి. "పల్లెటూరి బుర్ర ఇంతే" అని నాకు నేను తేల్చుకొని, ఇంటికి వెళ్లి నాన్నతో పాటు పొలం చూసుకుంటానని చెప్పాను. ఒక లెక్చరర్ నన్ను పిలిచి, ప్రశ్నాపత్రాన్ని తెలుగులో నోటితో అడిగారు. ఆరింటికి నాలుగు చెప్పాను. నాకు త్వరణం తెలుసు, ఆక్సిలరేషన్ తెలియదు. ద్రవ్యవేగం తెలుసు, మొమెంటం తెలియదు. జడత్వం మీద అరగంట మాట్లాడగలను, ఇనర్షియా అన్న పదం పేపర్లో కనబడితే ఏదో ఊరి పేరు అనుకున్నాను. ఆయన ఒక పొడుగు నోటుబుక్కు ఇచ్చి, మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు రాసుకోమన్నారు. సంక్రాంతి నాటికి 340 మాటలు అయ్యాయి. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

నాకు బుర్ర లేదన్న కారణమూ తప్పే, నేను కష్టపడలేదన్న కారణమూ తప్పే.

కుండబద్దలు
ఇక్కడే నాకు అభ్యంతరం. బయటి కారణాలు వెతకడం అలవాటైతే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే తయారవుతారు. నా మేనల్లుడికి ప్రతి పరీక్షలోనూ పేపరు దిద్దినవాడిదే తప్పు, సిలబస్‌దే తప్పు, ఫ్యానుదే తప్పు.

ఎర్రసిరా
స్పాట్ వాల్యుయేషన్‌కు ఇరవై సార్లకు పైగా వెళ్లిన రిటైర్డ్ లెక్చరర్‌ను. మద్దెల ఓటుదే అయిన సందర్భాలు కూడా ఉంటాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది, తరువాత చూస్తే ఆమెకు వచ్చినవి 99. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ చూడాలని ప్రభుత్వం ఆదేశించింది, అలా చూసినప్పుడు వెయ్యి మందికి పైగా పాసైనట్టు తేలింది. ఆ మధ్య రోజుల్లో ఆ పిల్లలు తమ గురించి తాము ఏమనుకొని ఉంటారో ఆలోచించండి. ఉన్న కారణాన్ని ఉన్నట్టు చూడాలి, అది లోపలిదైనా బయటిదైనా సరే. కుండబద్దలు గారి మేనల్లుడికి ఫ్యాను కారణమో కాదో ఫ్యాను వేసి చూస్తే తెలుస్తుంది.

మూడోబెంచీ
ఎర్రసిరా గారికి నా పేపరు ఎప్పుడైనా వచ్చి ఉంటే క్షమించగలరు.

చాక్‌పీసు_పొడి
ఎర్రసిరా గారి మాటకు సెక్షన్ల సంగతి కూడా చేర్చాలి. పదో తరగతిలో తన బడిలో మొదటి ఇద్దరిలో ఉన్న పిల్లలందరినీ తెచ్చి ఒకే గదిలో కూర్చోబెడితే, వాళ్లలో సగం మంది ఆ గది వరుసలో కింది సగంలో ఉండక తప్పదు. అది బుర్రల లోపం కాదు, వరుస పెట్టే పద్ధతిలో ఉన్న గుణం. చదువులో సమానమైన ఇద్దరిలో బలమైన గుంపులో పడినవాడు తనను తాను తక్కువగా అంచనా వేసుకుంటాడని హెర్బర్ట్ మార్ష్ అనే పరిశోధకుడు 1980లలోనే చూపించారు, చిన్న చెరువులో పెద్ద చేప అని దానికి పేరు కూడా పెట్టారు. మీ అమ్మాయి చేప పరిమాణం తగ్గలేదు, చెరువు మారింది.

కుండబద్దలు
ఇవన్నీ చదివాక నేనూ కాస్త వెతికాను. బుద్ధి పెరుగుతుందని పిల్లలకు చెబితే అద్భుతాలు జరుగుతాయని చాలామంది ఉపన్యాసాలు ఇస్తున్నారు కదా. అమెరికాలో దాదాపు 12,000 మంది తొమ్మిదో తరగతి విద్యార్థుల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2019లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది. గంటలోపు ముగిసే ఆన్‌లైన్ పాఠం చెబితే, చదువులో వెనుకబడినవారి గ్రేడు సగటు దాదాపు నాలుగు పాయింట్ల కొలమానం మీద 0.1 పెరిగింది. ఇంత చర్చా 0.1 కోసమా?

మనోవీధి
అంకె సరైనదే, మీరు వెతికినందుకు సంతోషం. గంటలోపు పాఠానికి, ఖర్చు దాదాపు లేకుండా, అంత వచ్చిందన్నది ఒక వైపు. తోటి విద్యార్థుల వాతావరణం అనుకూలంగా ఉన్న బడులలో ఫలితం ఎక్కువగా కనబడిందన్నది అదే అధ్యయనంలోని రెండో విషయం. అంటే గోడ మీద "అసాధ్యం లేదు" అని పోస్టరు అంటించి, దాని కిందనే ర్యాంకుల జాబితా అంటిస్తే పోస్టరు ఓడిపోతుంది. ఈ విషయంలో మీ అనుమానం నాకూ ఉంది.

నాకు ఎక్కువ నచ్చేది 1982 నాటి విల్సన్, లిన్‌విల్‌ల ప్రయోగం. మొదటి ఏడాది మార్కులు చూసి కుంగిపోయిన కాలేజీ విద్యార్థులకు, పై తరగతుల వారు "మొదట్లో మాకూ ఇలాగే వచ్చాయి, తరువాత పెరిగాయి" అని చెప్పే వీడియోలు చూపించారు. చాలామందికి ఏళ్లు గడిచేకొద్దీ మార్కులు పెరిగాయన్న లెక్కలు కూడా చూపించారు. చూడనివారితో పోలిస్తే చూసినవారిలో మధ్యలో చదువు మానేసినవారు తగ్గారు, మార్కులు మెరుగుపడ్డాయి. ఇది మారే విషయమన్నదే అక్కడ చెప్పిన ముఖ్యమైన మాట.

పాత_సప్లీ
అలాంటి సీనియర్ ఒక్కరు నాకు హాస్టల్లో దొరికి ఉంటే పదకొండు ఆరు అయ్యేవేమో. మాకు దొరికిన సీనియర్లు మాత్రం "ఈ సబ్జెక్టు ఎవడికీ పోదురా" అని చెప్పి పడుకునేవారు.

తులసికోట
ఆదివారం మాట్లాడాను. చాక్‌పీసు_పొడి గారు చెప్పినట్టే కాగితం రాయించాను. మొదట "ఎందుకమ్మా ఇదంతా" అని విసుక్కుంది, "రాదు" అన్న పదం వాడకూడదన్న షరతు విని నవ్వింది. లెక్క ఇలా తేలింది. ఎనిమిది ఒప్పులు, పది తప్పులు, ఏడు వదిలేసినవి. పది తప్పులలో నాలుగు ప్లస్సు, మైనస్సు గుర్తులు మారిపోవడం వల్ల పోయాయి. మూడు తెలియకపోయినా "ఖాళీగా వదిలితే సిగ్గు" అని ఊహించి పెట్టినవి. మిగతా మూడూ ఒకే పాఠంలోవి, త్రికోణమితీయ సమీకరణాలు. ఆ పాఠం చెప్పిన వారం తనకు జ్వరం వచ్చి ఇంటికి వచ్చింది, ఆ సంగతి నాకే గుర్తు లేదు. వదిలేసిన ఏడింటిలో అయిదింటిని అసలు చదవనే లేదు, సమయం అయిపోయింది.

చాక్‌పీసు_పొడి
ఇప్పుడు ఈ లెక్క చూడండి. గుర్తులు సరిగా పడి ఉంటే ఒక్కో ప్రశ్నకు కోత ఒకటి పోయి నాలుగు వచ్చేవి, నాలుగు ప్రశ్నలకు ఇరవై. ఊహించిన మూడు వదిలి ఉంటే మరో మూడు. ఒక్క కొత్త సూత్రం కూడా నేర్చుకోకుండానే 22 కాస్తా 45 అయ్యేది. జ్వరం వచ్చిన వారం పాఠానికి రెండు సాయంత్రాలు చాలు. లెక్కల బుర్ర లేదన్న మాటకు ఈ కాగితం మీద చోటు ఎక్కడుందో ఆమెనే వేలు పెట్టి చూపించమనండి. గుర్తుల తప్పులకు నేను మా పిల్లలకు చెప్పే చిట్కా ఒకటే: బ్రాకెట్ విప్పే మెట్టును మనసులో చేయకూడదు, రఫ్ షీటు మీద విడిగా ఒక వరుసలో రాయాలి.

కుండబద్దలు
నాలుగు గుర్తుల తప్పులంటే అజాగ్రత్తే కదా. నేను చెప్పిందీ అదే.

చాక్‌పీసు_పొడి
మీరు "చదవలేదు" అన్నారు. అజాగ్రత్త వేరు, చదవకపోవడం వేరు. మొదటిదానికి మందు ఒక అదనపు వరుస, రెండోదానికి మందు మరో మూడు గంటలు. ఆ మూడు గంటలు ఈ పిల్లకు ఇచ్చి ఉంటే అవే గుర్తులు ఇంకా వేగంగా తప్పేవి.

కుండబద్దలు
ఒప్పుకున్నాను. వీపు సంగతి మాత్రం వెనక్కి తీసుకోను.

నీలాటిరేవు
తులసికోట గారూ, ఈసారి మార్కులు పెరిగితే మెచ్చుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. మ్యుల్లర్, డ్వెక్ అనే పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రయోగంలో అయిదో తరగతి పిల్లలకు కొన్ని చిక్కు ప్రశ్నలు ఇచ్చి, కొందరిని "ఎంత తెలివైనవాడివో" అని, మరికొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తరువాత కష్టమైన చిక్కులు ఇచ్చి తప్పేలా చేస్తే, తెలివిని మెచ్చుకున్నవారే తొందరగా డీలా పడ్డారు. తమ మార్కులు మరో బడి పిల్లలకు రాసి పంపమంటే ఆ గుంపులో పదిమందిలో దాదాపు నలుగురు ఎక్కువ చేసి రాశారు. అలాగని "శ్రమజీవి" అనీ అనకండి, దాని గతి ఏమిటో పైన చెప్పాను. ఏం చేసిందో దానిని పేరు పెట్టి చెప్పండి చాలు.

తులసికోట
రెండు వారాలకు మళ్లీ రాస్తున్నాను. నిన్నటి పరీక్షలో లెక్కల్లో 31 వచ్చాయి. తొమ్మిది ఒప్పులు, అయిదు తప్పులు, పదకొండు వదిలేసింది. సెక్షన్ మారలేదు. ఆమె నాన్న "ర్యాంకు ఎంత" అని అడిగారు, 31 కంటే ముందుగా ఆ ప్రశ్నే. ఆమె ర్యాంకు చెప్పకుండా "గుర్తులు రెండే పోయాయి నాన్నా, తెలియనివి వదిలేశాను" అంది. ఆయన ఫోన్ నాకు ఇచ్చేశారు. నేను నీలాటిరేవు గారి మాట గుర్తుంచుకొని "బ్రాకెట్లు విడిగా రాశావా" అని మాత్రం అడిగాను. "రాశాను, రఫ్ షీట్ చాల్లేదు, ఇంకో షీటు అడిగితే ఇన్విజిలేటర్ సార్ వింతగా చూశారు" అంది. కెమిస్ట్రీలో 74. అది మాత్రం ఇంకా "పేపరు తేలికమ్మా" అనే అంటోంది.

మూడోబెంచీ
వచ్చే ఆదివారం కెమిస్ట్రీకి కూడా ఒక కాగితం రాయించండి. ఈసారి "తేలిక" అన్న పదం నిషేధం.

తులసికోట
అలాగే చేస్తాను. ఇంకొక మాట. ఈరోజు కిరాణా బిల్లు నేనే కూడి చూశాను, రెండుసార్లు. కొట్టువాడు వేసిన దానికంటే పద్దెనిమిది రూపాయలు తక్కువ వచ్చింది. అడిగితే అతడు కొబ్బరినూనె సీసా రెండుసార్లు వేశానని ఒప్పుకున్నాడు.